ముఖం ఎటు తిప్పుతుంది, ఎంతసేపు తిప్పుతుంది: కళ్ళు ఆడే ఒక పాప కేసు

పాప వెంట వచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: పుట్టినప్పటి నుంచి నిస్టాగ్మస్, ముఖం కుడివైపుకు తిప్పి చూస్తుంది, కండరాల ఆపరేషన్ ఆలోచనలో ఉంది, ఐ ట్రాకింగ్ చేసి నల్ పాయింట్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో కొలిచి పంపగలరు. అనంతపురంలోని మా క్లినిక్‌కు ఇలాంటి చీటీలు అప్పుడప్పుడు వస్తుంటాయి. నేను ఆప్టోమెట్రిస్టును. చూపు కొలతలు, అద్దాలు, కెమెరాతో తీసే ఈ కంటి కదలికల రికార్డింగులు నా పని. ఆపరేషన్ సంగతి సర్జన్ చూసుకుంటారు. నన్ను అడిగింది ఒక అంకె. అది తీసి పంపడం తేలికే, పైగా ఆ అంకె తప్పు కూడా కాదు. అయినా దాన్ని నమ్మి ఆపరేషన్ చేసి ఉంటే పాపకు కష్టం పెరిగేది. ఎలాగన్నదే ఈ కేసు. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నిస్టాగ్మస్‌లో కనుగుడ్లు మన ప్రమేయం లేకుండా లయగా అటూ ఇటూ ఆడతాయి. పుట్టిన కొద్ది నెలల్లో మొదలయ్యే రకంలో చాలామంది పిల్లలకు కళ్ళను ఒక దిక్కుకు తిప్పినప్పుడు ఆ ఆట బాగా తగ్గుతుంది. ఆ దిక్కే నల్ పాయింట్. అది ఎడమవైపు ఉన్న బిడ్డ కళ్ళను ఎడమ మూలలో ఉంచుకుని ఎదురుగా ఉన్నది చూడటానికి ముఖాన్ని కుడికి తిప్పుతుంది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు కనిపెట్టుకునే ఉపాయం ఇది. 1953లో ఆండర్సన్, కెస్టెన్‌బామ్ ఎవరికి వారుగా ప్రచురించిన ఆపరేషన్ ఈ ఉపాయాన్ని ఆధారం చేసుకున్నదే: రెండు కళ్ళ కండరాలనూ ఒకే దిక్కుకు సర్ది, నల్ పాయింట్‌ను ముఖానికి ఎదురుగా తీసుకురావడం. నల్ పాయింట్ ఒకే చోట స్థిరంగా ఉంటుందన్న నమ్మకం మీదే ఆ లెక్కంతా నడుస్తుంది.

పాప, ఇంటివాళ్ళు

పాపకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. కళ్యాణదుర్గం వైపు పల్లె. తండ్రి వర్షాధారం మీద వేరుశనగ పండిస్తాడు. చర్మం బాగా తెలుపు, జుట్టు మొక్కజొన్న పీచు రంగు, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) లేత గోధుమ రంగు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే పరికరం) కింద వెనక నుంచి వెలుతురు వేస్తే ఆ ఐరిస్ గుండా ఎర్రటి కాంతి కనిపించింది. కంటి వెనక పొర రెటీనాలోనూ రంగు పలచనే. ఇది అల్బినిజం. ఊళ్ళో మాత్రం బొల్లి అంటున్నారట. బొల్లి అంటే ఉన్న రంగు తర్వాత పోవడం. అల్బినిజంలో రంగునిచ్చే మెలనిన్ తయారీయే పుట్టుకతో తక్కువ. బొల్లికి కళ్ళు ఆడవు. ఈ తేడాను తల్లికి నెమ్మదిగా, రెండోసారి అమ్మమ్మ సమక్షంలో చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో వైద్యం గురించి మాట పోయేది ఆమె దగ్గరే.

తండ్రి పాప తల్లికి సొంత మేనమామ. మన జిల్లాల్లో ఈ ప్రశ్న అడగని కేస్ షీటు అసంపూర్ణం. చర్మం, జుట్టు, కళ్ళు మూడింటిలోనూ కనిపించే అల్బినిజం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడుతుంది. దగ్గరి రక్తసంబంధంలో ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. పాప తమ్ముడికి ఏ లక్షణమూ లేదు. ఆపరేషన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ప్రశ్న కూడా తప్పదు: చిన్న దెబ్బకే కమిలిపోతుందా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా, పళ్ళు ఊడినప్పుడు రక్తం ఆగడానికి ఎంతసేపు పట్టింది? అల్బినిజంతో పాటు రక్తం సరిగా గడ్డకట్టని హెర్మాన్‌స్కీ-పుడ్లాక్ అనే అరుదైన జబ్బు ఉంది. ఈ పాపకు అలాంటివేవీ లేవు.

రెండో నెల దాటగానే గుడ్లు ఆడటం తల్లి గమనించింది. మొదట్లో పెద్దగా ఊగేవి, తర్వాత చిన్నగా మారాయి. ఎండలో కళ్ళు తెరవదు. తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం లేవు. “బోర్డు ఊగుతున్నట్టు కనిపిస్తుందా అమ్మా?” అని పాపనే అడిగాను. నా వైపు వింతగా చూసి, “బోర్డు గోడకు కొట్టి ఉంటుంది కదా మేడమ్, ఎందుకు ఊగుతుంది?” అంది. శిశుదశలోనే మొదలైన నిస్టాగ్మస్‌లో లోకం ఊగదు. మెదడు ఆ కదలికకు అలవాటు పడి పెరుగుతుంది. పెద్దయ్యాక, మెదడులో ఏదో దెబ్బ వల్ల వచ్చిన వాళ్ళు మాత్రం అన్నీ ఊగుతున్నాయని మొరపెట్టుకుంటారు.

అన్నిటికన్నా పనికొచ్చిన మాట అమ్మమ్మ నోటి నుంచి వచ్చింది. అదీ ఫిర్యాదు రూపంలో. “తిన్నగా చూడవే అంటే వినదమ్మా. టీవీ ముందు కూర్చుంటే చానాసేపు ఇటు తిప్పుతుంది, మళ్ళీ కాసేపు అటు తిప్పుతుంది. కుదురే లేదు.”

తల్లి సర్దిచెప్పబోయింది: “అటు తిప్పేది తక్కువ మేడమ్, ఎక్కువ ఇటే.”

చీటీలో కుడివైపు అని ఒక్కటే ఉంది. రాసిన డాక్టరును తప్పు పట్టలేం. ఓపీలో ఒక బిడ్డకు దొరికే కాసిని నిమిషాల్లో ఆయనకు కనిపించింది అదే. నేను చూసినప్పుడూ మొదట కుడికే తిప్పి కూర్చుంది.

చూపు కొలిచే పద్ధతే చూపును మారుస్తుంది

ట్రాకర్ దాకా పోకముందే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలుగా ఒక కన్ను మూసి రెండో కంటి చూపు కొలుస్తాం. నిస్టాగ్మస్ ఉన్న చాలామంది పిల్లల్లో ఒక కన్ను మూసేసరికి రెండో కంటి ఆట పెరుగుతుంది. అంటే కొలవబోయే చూపును మనమే చెడగొట్టి కొలుస్తున్నాం. పాత కాగితాల్లో ఈ పాపకు రెండు కళ్ళలోనూ 6/60 అని ఉంది (మామూలు చూపు 6/6, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ). మేము కన్ను మూయకుండా, దాని ముందు +8 అద్దం పెట్టి మసకబరిచి కొలిచాం. ఒక్కో కంటికి 6/36 వచ్చింది. రెండు కళ్ళూ తెరిచి, తల ఎలా తిప్పుకున్నా ఫరవాలేదంటే, కొత్త అద్దాలతో 6/24 చదివింది. దగ్గరి చూపు ఇంకా నయం. పుస్తకాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే పాఠ్యపుస్తకం అచ్చు ఇబ్బంది లేకుండా చదువుతుంది. దగ్గరి వస్తువు కోసం కళ్ళు లోపలికి కూడినప్పుడు ఆట తగ్గే పిల్లలు చాలామంది ఉంటారు. పుస్తకం కళ్ళకు అంటించుకోవద్దని కసరడం వల్ల వాళ్ళకు జరిగేది నష్టమే.

6/60కీ 6/24కీ మధ్య తేడా ఒక బిడ్డ బడి జీవితాన్నే మార్చగలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మంచి కంటిలో, అద్దాలతో, 6/18 కంటే తక్కువ చూపును అల్పదృష్టిగా లెక్కిస్తుంది. సదరం శిబిరానికి పోయేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచామో కాగితం మీద స్పష్టంగా రాసి పంపడం మా బాధ్యత అనుకుంటాను. ఎక్కువ చేసి చూపకూడదు, తక్కువ చేసీ చూపకూడదు.

మందు చుక్కలు వేసి పరీక్షిస్తే రెండు కళ్ళలోనూ దూరదృష్టి, దాని మీద గట్టి ఆస్టిగ్మాటిజం (కంటి ముందరి పొర వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం): కుడి కన్ను +3.00, సిలిండర్ −3.00, యాక్సిస్ 180. ఎడమ కన్ను కాస్త తక్కువ. అల్బినిజంలో ఇది మామూలుగా కనిపించే పవరే. అయినా పాపకు అప్పటిదాకా అద్దాలు లేవు. కళ్ళు ఆడుతున్నాయి కదా, అద్దాలు ఏం లాభం అన్నారట ఎవరో. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

చుక్కల కంటే ముందే రికార్డింగు చేయాలి. విప్పారిన కంటిపాపతో ట్రాకర్ దగ్గర కూర్చోబెడితే బిడ్డకూ ఇబ్బంది, కెమెరాకూ ఇబ్బంది.

ట్రాకర్ చెప్పేది, చెప్పనిది

మా దగ్గరున్నది తెర కింద అమర్చే ఇన్‌ఫ్రారెడ్ ట్రాకర్. కంటికి కనిపించని కాంతిని కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద వేసి, అక్కడ మెరిసే చుక్కకూ కంటిపాప మధ్యభాగానికీ ఉన్న దూరాన్ని బట్టి చూపు ఎటుందో లెక్క కడుతుంది. సెకనుకు 250 సార్లు కొలుస్తుంది. 1963లో రాబిన్సన్ చెప్పిన పద్ధతిలో తీగచుట్ట ఉన్న లెన్సును కంటి మీదే పెట్టి అయస్కాంత క్షేత్రంలో కూర్చోబెట్టాలి. ఖచ్చితత్వంలో దానిదే పైచేయి, కానీ ఎనిమిదేళ్ళ బిడ్డకు అది పెట్టే ధైర్యం నాకు లేదు. కెమెరా పద్ధతిలో బిడ్డను తాకనవసరం లేదు.

సెకనుకు ఎన్నిసార్లు అన్నది ధరల పట్టికలో అంకె మాత్రమే కాదు. నిస్టాగ్మస్‌లో జర్క్ రకం అంటే, కన్ను లక్ష్యం నుంచి నెమ్మదిగా జారి, ఒక్క ఉదుటున వెనక్కి వస్తుంది. అయిదు డిగ్రీల ఉదుటుకు పట్టేది దాదాపు 30 మిల్లీసెకన్లు. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు కొలిచే) పరికరం 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది కాబట్టి ఆ ఉదుటులో దానికి చిక్కేవి రెండే చుక్కలు. 250 హెర్ట్జ్‌లో ఏడెనిమిది చిక్కుతాయి. ఆట ఉందా లేదా, సెకనుకు ఎన్నిసార్లు అన్నది 60 హెర్ట్జ్‌లోనూ తెలుస్తుంది. అల ఆకారం మీద మాత్రం దాంతో తీర్పు చెప్పకూడదు.

అసలు తీర్పు ఆ ఆకారంలోనే ఉంది. 1975లో డెల్ ఒస్సో, డారాఫ్ పుట్టుకతో వచ్చే నిస్టాగ్మస్‌లో పన్నెండు రకాల అలలను వర్ణించారు. శిశుదశ రకంలో నెమ్మది భాగం పోనుపోనూ వేగం పుంజుకుంటుంది. మెల్లకన్నుతో కలిసి వచ్చే లేటెంట్ రకంలో వేగం తగ్గుతూ పోతుంది, ఉదుటు ఎప్పుడూ తెరిచి ఉన్న కంటి వైపే ఉంటుంది. ఈ తేడా టార్చిలైటుకు తెలియదు, గ్రాఫ్ మీద అరనిమిషంలో తెలుస్తుంది. ఇక కళ్ళు సన్నగా, చాలా వేగంగా వణుకుతూ, ఒక కంట్లో ఎక్కువ ఇంకో కంట్లో తక్కువగా ఉండి, తల కూడా ఊపే పసిబిడ్డలు ఉంటారు. దాన్ని స్పాస్మస్ న్యూటాన్స్ అంటారు. అలాంటి బిడ్డను చూపు నాడి దారిలో గడ్డ లేదని ఎంఆర్ఐతో తేల్చుకోకుండా ఇంటికి పంపకూడదు. మన పాపలో రెండు కళ్ళూ జంటగా, అడ్డంగానే ఆడుతున్నాయి. పైకి చూసినా కిందికి చూసినా అడ్డంగానే. నెమ్మది భాగం వేగం పుంజుకుంటోంది. మొదలైంది మూడు నెలల లోపు, కారణం కళ్ళెదుటే ఉంది. ఎంఆర్ఐ అడగలేదు.

ట్రాకర్ తయారీదారులు చూపు నిలకడగా ఉండే మనుషుల కోసం దాన్ని చేశారు. కాలిబ్రేషన్‌లో, అంటే పరికరాన్ని కంటికి సరిచూసుకునే మెట్టులో, తెర మీద చుక్క చూడమంటుంది, ఆ క్షణంలో కన్ను కదలదని నమ్ముతుంది. ఈ పిల్లల దగ్గర ఆ నమ్మకం చెల్లదు. సాఫ్ట్‌వేర్ “విఫలం” అని చూపిస్తుంది, లేదా అంతకంటే చెడ్డగా, సగటు తీసి సరిపోయిందంటుంది. అందుకే ముందు క్లినిక్‌లో పెద్దవాళ్ళెవరో ఒకరి కళ్ళతో కాలిబ్రేట్ చేసి పాపను కూర్చోబెట్టాను. తర్వాత ముడి డేటా బయటకు తీసి, ప్రతి అలలోనూ కన్ను లక్ష్యం మీద క్షణకాలం నిలిచే చదునైన భాగాన్ని వెతికి, దాన్ని బట్టి ఒక్కో కన్నునూ విడిగా సరిచేశాను. సాఫ్ట్‌వేర్ సొంతంగా ఇచ్చే ఫిక్సేషన్ నివేదికను, నునుపు చేసే ఫిల్టర్లను పక్కన పెట్టాను. అవి అలను నున్నగా చేసి పెడతాయి, మనకు కావలసింది ఆ గరుకే.

అల్బినిజంలో ఇంకో తంటా ఉంది. ఐరిస్ గుండా కూడా కాంతి దూరిపోవడంతో కంటిపాప అంచు కెమెరాకు తెగి కనిపించదు. కెమెరాను ఆనుకుని ఉన్న దీపాలు ఆర్పి దూరంగా ఉన్నవి మాత్రమే వెలిగే పద్ధతికి మార్చి, తెర వెలుతురు బాగా తగ్గించాక పట్టు దొరికింది. తెర వెలుతురు తగ్గించగానే పాప ముఖంలో చిట్లింపు పోయింది. ఇన్‌ఫ్రారెడ్ ఆమెకు కనిపించదు కదా, బాధపెట్టింది తెల్లటి తెర.

తెర ట్రాకర్ చెప్పేది చూపు తెర మీద ఎక్కడుందన్నది. బిడ్డ తల తిప్పి అదే బొమ్మ చూస్తే ఆ అంకె మారదు. మనకు కావలసింది కన్ను కంటిగూటిలో ఎటు తిరిగి ఉందన్నది. గడ్డం ఆనించే స్టాండు లేకుండా తీసిన నల్ పాయింట్ కొలతకు విలువ లేదు. ఇక 60 సెంటీమీటర్ల దూరంలో తెర మీద ఒక సెంటీమీటరు దాదాపు ఒక డిగ్రీ. తెర అంచుల దాకా పోయినా ఇటు 20, అటు 20 డిగ్రీలకు మించి నమ్మదగ్గ కొలత రాదు. పైగా ఆ దూరంలో కళ్ళు కొంత లోపలికి కూడి ఉంటాయి. తరగతి గది బోర్డు దగ్గర ఆట ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

మొదటి రికార్డింగు, పొడవాటి రికార్డింగు

మొదట అందరికీ చేసేదే చేశాం. తల నిటారుగా ఉంచి, చుక్కను ఎడమ 20 డిగ్రీల నుంచి కుడి 20 డిగ్రీల దాకా మెట్లు మెట్లుగా జరుపుతూ, ఒక్కో చోట కాసేపు ఆపుతూ చూపించాం. కుడి చివర ఆట పెద్దది, ఎదురు చూపులో దాదాపు 6 డిగ్రీలు, సెకనుకు మూడు నాలుగు సార్లు. ఎడమకు పోయేకొద్దీ తగ్గి, 18 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ కూడా లేదు. చీటీ అడిగిన అంకె దొరికింది: నల్ పాయింట్ ఎడమవైపు 18 డిగ్రీలు. చీటీలోని కుడి తిప్పుడుతో చక్కగా కలిసింది.

కానీ అల్బినిజం ఉన్న పిల్లలకు మేము అక్కడితో ఆపం. నల్ పాయింట్ కాలంతో పాటు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వలస పోయే రకం ఒకటుంది, పీరియాడిక్ ఆల్టర్నేటింగ్ నిస్టాగ్మస్ అంటారు. అల్బినిజంలో అది అరుదు కాదు. ఆ మార్పుకు నిమిషాలు పడుతుంది కాబట్టి సెకన్ల రికార్డింగులో దొరకదు. దానికి తోడు అమ్మమ్మ మాట ఉండనే ఉంది.

పొడవాటి రికార్డింగుకు ఎనిమిదేళ్ళ బిడ్డను కదలకుండా కూర్చోబెట్టడమే అసలు విద్య. చుక్కను అంతసేపు ఏ బిడ్డా చూడదు. పాప అడిగిన కార్టూన్‌నే తెర మధ్యలో అగ్గిపెట్టెంత చతురస్రంలో పెట్టాం. అక్షరాలు చదవమనలేదు, “ఇదేమిటి చెప్పు” అని అడిగిన ప్రతిసారీ గ్రాఫ్‌లో అల ఎగిసిపడుతుంది, తప్పు చెబుతానేమో అన్న భయం కళ్ళలో ఆడుతుంది. మరీ పరధ్యానంలో పడినా ఆట తగ్గి మోసం చేస్తుంది. నచ్చిన బొమ్మ, చిన్న మాట, మధ్యలో అమ్మ చేయి భుజం మీద.

మొదటి నాలుగున్నర నిమిషాలు ఉదుటు కుడివైపే. తర్వాత అల క్రమంగా చిన్నదవుతూ వచ్చింది. ఓ ఇరవై సెకన్ల పాటు గీత దాదాపు సమంగా సాగింది. ఎదురు చూపులోనే, తల తిప్పకుండానే, పాప కళ్ళు దాదాపు నిలిచిపోయాయి. పక్కనే కూర్చున్న తల్లి అది చూసి ఏదో అనబోయి ఆగింది. ఆ తర్వాత అల మళ్ళీ లేచింది, ఈసారి ఉదుటు ఎడమకు. అది ఒకటిన్నర నిమిషం. ఆ సమయంలోనే గడ్డం స్టాండు పక్కకు తీసి, “ఇక నీకెలా బాగుంటే అలా చూడు” అన్నాను. ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా ముఖం ఎడమకు తిప్పేసింది. చీటీలో లేని దిక్కు అది.

మళ్ళీ తల నిలిపి కొనసాగిస్తే రెండో చుట్టు మొదటిదానిలా లేదు. కుడి వంతు మూడు నిమిషాలకు తగ్గింది, ఎడమ వంతు రెండుకు పెరిగింది. వంతులు మారుతున్నాయి, గడియారం లెక్క మాత్రం లేదు. శిశుదశ రకంలో ఇలా సమానం కాని వంతులు ఉండటం తెలిసిన విషయమే. కుడి వంతు పెద్దది కాబట్టి ఎప్పుడు ఎవరు చూసినా కుడి తిప్పుడే కనిపించే అవకాశం ఎక్కువ. తల్లి చెప్పింది నిజం, అమ్మమ్మ చెప్పిందీ నిజం.

ఒక కంటి మీద ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే పోనిచ్చే నల్లటి ఫిల్టరు పెట్టి కూడా రికార్డు చేశాను. పాపకు ఆ కన్ను మూసినట్టే, కెమెరాకు మాత్రం రెండు కళ్ళూ కనిపిస్తాయి. మూయగానే అల పెద్దదైంది. పాత కాగితంలోని 6/60కి కారణం అదే.

ఆ ప్రశాంతమైన ఇరవై సెకన్లు ఇంకో పనికీ పనికొచ్చాయి. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ ఈ పిల్లల్లో తీయలేక వదిలేస్తుంటారు. పాపను మెషిన్ ముందు కూర్చోబెట్టి, ఉదుటు దిక్కు మారే వేళ కోసం కాచుకుని తీస్తే చదవదగ్గ బొమ్మ వచ్చింది. రెటీనా మధ్యభాగం ఫోవియాలో ఉండాల్సిన గుంట లేదు, మూడో గ్రేడు హైపోప్లేసియా (సరిగా ఎదగకపోవడం). చూపుకు హద్దు ఎక్కడుందో ఈ బొమ్మే చెబుతుంది.

సర్జన్‌తో మాట

రెండు గ్రాఫులూ సర్జన్ ముందు పెట్టాను. కుడి తిప్పుడుకు పాఠ్యపుస్తక లెక్క ఇలా ఉంటుంది: కుడి కంటి లోపలి కండరం 5 మిల్లీమీటర్లు వెనక్కి, బయటి కండరం 8 బిగింపు, ఎడమ కంటి బయటి కండరం 7 వెనక్కి, లోపలి కండరం 6 బిగింపు. ఒక్కో కంటికి మొత్తం 13. తిప్పుడు పెద్దదైతే దీన్ని ఇంకా పెంచుతారు. దీంతో రెండు కళ్ళూ కుడికి జరుగుతాయి, ఎడమనున్న నల్ పాయింట్ ఎదురుకు వస్తుంది. నాలుగు నిమిషాల పాటు పాప తిన్నగా చూసేది, అందరూ సంతోషించేవాళ్ళు. ఎడమ వంతు వచ్చినప్పుడు, అప్పటిదాకా కుడివైపు ఓ మోస్తరు దూరంలో ఉన్న నల్ పాయింట్ కూడా అంతే దూరం ఇంకా కుడికి జరిగిపోయి ఉండేది. ఇప్పుడు కొద్దిగా తిప్పుతున్న ముఖాన్ని అప్పుడు భుజం మీదకు తిప్పాల్సి వచ్చేది.

ఆయన గ్రాఫును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో నడిపి చూశారు. ఆ ఆపరేషన్ రద్దు చేశారు. ఈ రకానికి చేసేది వేరు: నాలుగు అడ్డ కండరాలనూ బాగా వెనక్కి జరిపి, రెండు దిక్కుల ఆటనూ తగ్గించడం. దానికి తొందర లేదన్నారు. బాక్లోఫెన్ మందు పెద్దయ్యాక చిన్న మెదడు దెబ్బతిని వచ్చే ఇదే రకానికి పనిచేస్తుంది, పుట్టుకతో వచ్చినదానికి దాని మీద ఆశ తక్కువ. గబాపెంటిన్, మెమాంటిన్ మీద 2007లో వచ్చిన పరీక్ష పెద్దవాళ్ళలో చేసినది. ఈ వయసుకు వాటిని దిగుమతి చేసుకునే ఉద్దేశం మా ఇద్దరికీ లేదు.

తండ్రి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: “ఆట ఆగిపోతే అందరిలా కనిపిస్తుందా మేడమ్?” కనిపించదు. ఓసీటీ బొమ్మ చూపించే చెప్పాను. ఆట తగ్గితే చూపు కొంత కుదుటపడుతుంది, చూసింది పోల్చుకోవడానికి పట్టే సమయం తగ్గుతుంది, కానీ సూక్ష్మంగా చూసే ఫోవియా సరిగా ఏర్పడలేదు కాబట్టి 6/6 రాదు. చెప్పకుండా దాటవేస్తే, ఆ తర్వాత హైదరాబాదు, బెంగళూరు, చెన్నై తిరిగి అప్పులపాలవడం తప్ప వాళ్ళకు ఒరిగేది లేదు.

బడి, ఎండ, ఫోను

నల్ పాయింట్ ఒకే పక్క ఉన్న పిల్లలకు సీటు సలహా తేలిక. నల్ పాయింట్ ఎడమవైపు ఉంటే తరగతిలో కుడి పక్కన కూర్చోబెట్టాలి, బోర్డు ఎడమకు వస్తుంది, మెడ తిన్నగా ఉంటుంది. ఈ పాపకు ఏ పక్క వేసినా రెండో వంతులో కష్టమే. ముందు వరసలో, నడిమధ్యన, కిటికీకి వీపు పెట్టి. ఉపాధ్యాయుడికి రాసిన ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం ఒకటే: తల ఏ పక్కకు తిప్పినా తిప్పనివ్వండి, సరిచేయకండి. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమని కూడా కోరాను. ఆయన ఫోను చేసి, “ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ నోటుపుస్తకంలోకి చూస్తోందనుకున్నానండీ” అన్నారు.

అద్దాలు లేత రంగువి ఇచ్చాం. బయటికి పోతే అంచు టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. అనంతపురం ఎండలో ఇవి కళ్ళకే కాదు, చర్మానికీ కావాలి. అల్బినిజంలో చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. వేరుశనగ కోత రోజుల్లో పిల్లలు చేనుకు వెళ్ళడం అలవాటైన ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు.

కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల్లో ట్రాకర్ లేని సహోద్యోగులకు ఒక మాట. ఈ వలసను పట్టుకోవడానికి యంత్రమే కావాలని లేదు. ఈ పాప తల్లికి కూడా చెప్పాను: అరగంట టీవీ చూస్తున్నప్పుడు ఫోనును టీవీ పక్కన నిలబెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి చిన్న వీడియో తీయమ్మా, మాట్లాడించొద్దు, తల సరిచేయొద్దు. ఆమె తెచ్చిన వీడియోల్లో ముఖం కుడి, కుడి, మధ్య, ఎడమ, మళ్ళీ కుడి. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే ఉదుటు ఎటు కొడుతోందో కూడా తెలుస్తుంది. డిగ్రీలు, అల ఆకారం దీనితో రావు. ఆపరేషన్‌కు ముందు ఆగి ఆలోచించడానికి ఇది చాలు. ముఖం తిప్పే బిడ్డ ఆపరేషన్ చీటీతో వస్తే, ఈ వీడియోలు లేకుండా నేనిప్పుడు నల్ పాయింట్ అంకె ఇవ్వను.

ఇప్పటికి

అద్దాలు పెట్టుకున్న కొన్ని నెలల తర్వాత రెండు కళ్ళ చూపు 6/24 దాటి, 6/18 వరసలో రెండు అక్షరాలు చదివింది. పెద్ద మార్పు కాదు. ఆట కొలతల్లో తేడా లేదు, ఉండాలని అనుకోలేదు కూడా. మళ్ళీ తీసిన పొడవాటి రికార్డింగులో వంతుల మార్పు అలాగే ఉంది, నిడివులు మాత్రం మళ్ళీ వేరు. ఎడమ తిప్పుడు మొదటిసారి కంటే కాస్త స్పష్టంగా ఉంది. అద్దాలతో స్పష్టంగా కనిపిస్తున్నందుకు అలా తిప్పుతోందో, వంతే పెరిగిందో ఒక్క రికార్డింగుతో తేల్చలేం. సదరం దరఖాస్తు పెట్టారు. జన్యు పరీక్షకు రక్తం పంపాం, ఫలితం రావాలి. అది వస్తే తల్లిదండ్రులతో పాటు ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్న చిన్నత్తతో కూడా మాట్లాడాలి. నాలుగు కండరాల ఆపరేషన్ గురించి వేసవి సెలవుల్లో సర్జన్, నేను, ఇంటివాళ్ళు కలిసి కూర్చుంటాం. ఈసారి పాపను కూడా అడుగుతాం. తనకు తల తిప్పడం కష్టంగా ఉందా లేక చూసేవాళ్ళకు కష్టంగా ఉందా అన్నది ఇంతవరకు ఏ కాగితంలోనూ రాయలేదు.